అటక మీద అత్తయ్య పేరు

మా అత్తగారింటి అటక సంగతి ఇదివరకు ఒకసారి రాశాను. ఇత్తడి గుండిగలు, విరిగిన ఉయ్యాల బల్ల, ఎవరి పెళ్ళిదో తెలియని పందిరి గుడ్డ, అన్నీ అక్కడే. ఆ అటక మీదే రెండు ట్రంకు పెట్టెలు, అయిదు గోనె సంచులు కూడా ఉన్నాయని అప్పుడు రాయలేదు. వాటి జోలికి ఇంట్లో ఎవరమూ వెళ్ళం. అవి మామయ్యగారి పత్రికవి.

ఈ ఏడాది పాత ఇల్లు పడగొట్టి కట్టడానికి ఇచ్చేయాలని అనుకున్నాం. అంటే అటక ఖాళీ చెయ్యాలి. ఇత్తడి సామాను ఎవరికేం ఇవ్వాలో గంటలో తేలిపోయింది. గోనె సంచుల దగ్గరికి వచ్చేసరికి మా ఆయన "పాత పేపర్లవాణ్ణి పిలు, తూకం వేసి పట్టుకుపోతాడు" అన్నారు. అంతే. ఇంకో మాట లేదు.

ఆ గొంతులో ఉన్నది కోపమని నాకు తెలుసు. పాతికేళ్ళకు పైగా కాపురం చేశాక ఆమాత్రం తెలీదా! మామయ్యగారు మా ఊళ్ళో 1968 నుంచి 1996 దాకా ఒక వారపత్రిక నడిపారు. నాలుగు పేజీలు. మొదట్లో కాపీ పది పైసలు. చీరాల, పేరాల, వేటపాలెం చుట్టుపక్కల మగ్గాల ఊళ్ళకే వెళ్ళేది. ఆయన పత్రిక నడిపారు, ఇంట్లో వాళ్ళు పస్తులు నడిపారు అంటారు మా ఆయన. స్కూలు ఫీజు కట్టలేక క్లాసు బయట నిలబడిన రోజు ఆయన ఇంకా మర్చిపోలేదు. మంగళవారం రాత్రుళ్ళు నిద్రపోనివ్వని ట్రెడిల్ చప్పుడు, సిరా కిరసనాయిలు కలిసిన వాసన, అమ్మ మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేకపోవడం. ఆయనకి పత్రిక అంటే అవే.

"అత్తయ్యా, మీరేమంటారు?" అని అడిగాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తల ఎత్తకుండానే "అమ్మెయ్యండమ్మా, నేనేం చేసుకుంటాను" అన్నారు. కానీ ఈనె తీసిన కాయ గిన్నెలో వెయ్యాల్సింది, చెత్తలో వేశారు. అది చూశాను కాబట్టి పేపర్లవాడికి ఫోన్ చెయ్యకుండా రెండు రోజులు ఊరుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ముక్కుకి చున్నీ కట్టుకుని మొదటి సంచి విప్పాను.

పాత న్యూస్ ప్రింటు ఎప్పుడైనా ముట్టుకున్నారా? అప్పడంలా ఉంటుంది. మడత మీద చెయ్యి పడితే చాలు, విరిగిపోతుంది. చవక కాగితంలో చెక్క గుజ్జు అలాగే ఉండిపోతుందట, అందుకే ఎండకీ గాలికీ పసుపుపచ్చగా మారి పెళుసెక్కుతుంది. మొదటి గంటలోనే నేనే రెండు సంచికల అంచులు పాడుచేశాను. తర్వాత తెలివొచ్చి, రొట్టెల పీట కింద పెట్టి ఒక్కొక్కటే తీశాను.

చదవడం మొదలుపెట్టాక లేవబుద్ధి కాలేదు. పెద్ద వార్తలేం లేవు. నూలు ధర ఎంత పెరిగిందో, ఏ వీధిలో కుళాయి ఎన్నాళ్ళుగా రావడం లేదో, ఎవరి అమ్మాయి పదో తరగతిలో స్కూలు ఫస్టు వచ్చిందో, ఏ డాక్టరు ఏ రోజుల్లో ఊళ్ళో ఉంటాడో. చేనేత సహకార సంఘం ఎన్నికలు. సినిమా హాల్లో మార్నింగ్ షో. 1971లో చీరాల-పేరాల ఉద్యమానికి యాభై ఏళ్ళని ఒక ప్రత్యేక సంచిక. పురపాలక పన్నులు కట్టమని ఊరు ఊరంతా ఇళ్ళు వదిలి రామనగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి ఉండిపోయిన కథ అది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి బొమ్మ బ్లాకు దొరకలేదో ఏమో, ఆ చోట పేరు ఒక్కటే పెద్ద అక్షరాల్లో వేశారు.

1977 నవంబరు తుపాను తర్వాత వచ్చిన సంచిక నాలుగు పేజీలు కాదు, ఒకే ఒక్క కాగితం, రెండువైపులా. దివిసీమ వార్తలు అందినంత వరకూ, ఇంకా మన చుట్టుపక్కల ఎవరి పాకలు లేచిపోయాయి, ఎవరికి బియ్యం ఎక్కడ ఇస్తున్నారు అన్నదే అందులో ఉంది. "కరెంటు లేకపోయినా ఎలా వేశారత్తయ్యా?" అని అడిగితే, "కాలితో తొక్కేదానికి కరెంటెందుకు? నేనూ తొక్కాను" అన్నారు.

నేనూ తొక్కాను! ఇన్నేళ్ళలో ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం నుంచి ఆవిడే వచ్చి నా పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. నేను అడగడం, ఆవిడ చెప్పడం. తెలుగు అచ్చు అంటే ఎంత చాకిరీయో అప్పుడు తెలిసింది. ఇంగ్లీషుకైతే ఇరవై ఆరు అక్షరాలు, అవే పెద్దవీ చిన్నవీ. మనకి గుణింతాలు, వత్తులు అన్నీ కలిపి వందల కొద్దీ గళ్ళు. ఒక్కో సీసపు అక్షరం ఏరి స్టిక్కులో పేర్చాలి. అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. వరస తలకిందులుగా పట్టుకుని చదువుకోవాలి. అచ్చు అయ్యాక కిరసనాయిలుతో కడిగి ఏ అక్షరం గడిలో ఆ అక్షరం మళ్ళీ పంచాలి. ఆ పంచడంలో ఒక 'య' పోయి 'మ' గడిలో పడితే వచ్చే వారం పత్రికలో 'మన మంత్రి' 'యన మంత్రి' అవుతాడు.

అత్తయ్య పెళ్ళినాటికి మూడో తరగతి. కంపోజిటరు జ్వరమొచ్చి రాని వారం ఆవిడ కేసు ముందు నిలబడేవారట. "నాకు తిన్నగా చదవడం కంటే తిరగేసి చదవడమే ముందొచ్చిందే అమ్మాయ్" అని నవ్వారు. నమ్మలేదని నా చేతిలో సంచిక లాక్కుని, తలకిందులు చేసి గడగడా చదివి చూపించారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, కళ్ళజోడు ముక్కు మీద జారుతుండగా.

రెండో ట్రంకు పెట్టెలో చందాదారుల పుస్తకాలు ఉన్నాయి. ఎవరు ఎన్ని రూపాయలు కట్టారు, ఎవరు బాకీ, ఎవరికి ఏ పోస్టాఫీసు. ఆ గుండ్రటి దస్తూరీ నాకు బాగా తెలుసు. మా ఇంటి పాల లెక్కల డైరీలో ఉండేది అదే. ఇరవై ఎనిమిదేళ్ళ పుస్తకాలూ ఆవిడ రాసినవే. వారం వారం ఆరు వందల కాపీలు మడతపెట్టి, మైదా జిగురుతో చిరునామా పట్టీలు అంటించి, పిల్లాణ్ణి చంకనేసుకుని పోస్టాఫీసుకి మోసిందీ ఆవిడే. మామయ్యగారి గురించి ఊళ్ళో వాళ్ళు సంస్మరణ సభ పెట్టినప్పుడు గంటన్నర మాట్లాడారు. నేనూ ముందు వరసలో కూర్చున్నాను. ఈ ముక్క ఒక్కరూ అనలేదు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది.

ప్రతి ఏడాదీ మార్చి మొదటి సంచికలో చివరి పేజీ మూల ఒక పెట్టె కడతారు. ఫారం-4 అంటారు దాన్ని. ఇప్పటి పత్రికల్లోనూ మీరు చూసే ఉంటారు, చదివి ఉండరు. ప్రచురణ స్థలం, ఎన్నాళ్ళకొకసారి వస్తుంది, ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు, యజమాని ఎవరెవరు, ఏ దేశస్థులు, చిరునామాలు ఏమిటి అని పత్రికవాళ్ళు ఏటా చెప్పుకోవాలి. 1972 మార్చి సంచికలో నేను దాన్ని ఊరికే చదివాను. సంపాదకుడు అన్నచోట మామయ్యగారి పేరు. ప్రచురణకర్త, యజమాని అన్నచోట అత్తయ్య పేరు!

వెనక్కి వెళ్ళి 1971 చూశాను, 70 చూశాను, 69 చూశాను. అన్నింటిలోనూ అదే. కింద "పైన తెలిపిన వివరాలు నాకు తెలిసినంతవరకు వాస్తవములని ప్రకటించుచున్నాను" అని ఆవిడ పేరుతోనే ఉంది.

"ఇదేమిటత్తయ్యా?"

"మా నాన్న పెట్టిన షరతు" అన్నారు. మెషీను కొనడానికి మామయ్యగారి దగ్గర డబ్బు లేదు. అత్తయ్యకి పసుపు కుంకుమ కింద ఇచ్చిన ముప్పావు ఎకరం అమ్మారు. అమ్మేటప్పుడు వాళ్ళ నాన్నగారు, "పొలం పోతే పోయింది, దాని బదులు వచ్చేది నా కూతురి పేరు మీద ఉండాలి అల్లుడూ" అన్నారట. మామయ్యగారు సరేనన్నారు. అప్పటి చట్టం 1867 నాటిది. ప్రచురణకర్త అయినవాళ్ళు మేజిస్ట్రేటు అధికారం ఉన్న ఆఫీసరు ముందుకి వెళ్ళి డిక్లరేషన్ ఇవ్వాలి. ఈమధ్యే, 2023లో వచ్చిన కొత్త చట్టంతో ఆ పద్ధతి పోయిందట. అత్తయ్య మాత్రం ఇరవై ఒక్కేళ్ళ వయసులో చెంగు నిండా కప్పుకుని ఆ ఆఫీసుకి వెళ్ళి సంతకం పెట్టొచ్చారు. ఆ సంతకం కోసం మామయ్యగారు పలక మీద పది రోజులు రాయించారట.

"పేరుంటే ఏముందిలే, పేపర్లో పేరు చూసుకుని మురిసిపోయాను, అంతే అనుకున్నాను. తర్వాత తెలిసింది, పేరుంటే ఏమవుతుందో" అంటూ ట్రంకు పెట్టె అడుగు నుంచి ఒక పాత గుడ్డసంచి తీశారు. అందులో కోర్టు సమన్లు. పరువు నష్టం కేసు. ఒకటో ముద్దాయి సంపాదకుడు, రెండో ముద్దాయి ప్రచురణకర్త.

1972లో పత్రికలో ఒక వార్త వచ్చింది. నేతగాళ్ళకి పంచాల్సిన నూలు వెనక గుమ్మం గుండా బయటికి పోతోందని. పేరు రాయలేదు కానీ ఎవరో ఊరందరికీ తెలుసు. ఆయన ఊళ్ళో పెద్దమనిషి. కేసు వేశాడు. మూడేళ్ళు నడిచింది. ప్రతి వాయిదాకీ అత్తయ్య హాజరవ్వాలి. ఏడింటి బస్సుకి వెళ్ళి, పేరు పిలిచేదాకా వేపచెట్టు కింద కూర్చుని, పిలిచాక బోనులో నిలబడి, మళ్ళీ వాయిదా పడిందంటే ఇంటికి రావడం. చంకలో రెండేళ్ళ పిల్లాడు. ఆ పిల్లాడే మా ఆయన.

ఊళ్ళో ఆడవాళ్ళు పేరంటానికి పిలవడం మానేశారట. "కోర్టుకెక్కిన ఆడది" అని. అది చెప్పేటప్పుడు మాత్రం అత్తయ్య గొంతు కొంచెం మారింది. మామయ్యగారికీ అది తెలుసు. ఒక రాత్రి ఆయన అన్నం ముందు కూర్చుని, "క్షమాపణ వేసేస్తానే, కేసు వదిలేస్తామంటున్నారు. నీకీ తిరుగుడు తప్పుతుంది" అన్నారట.

"మీరేమన్నారత్తయ్యా?"

"ఏమంటాను? రాసింది నిజమా, అబద్ధమా అని అడిగాను. నిజమే అన్నారు. మరి నిజానికి క్షమాపణ ఎందుకండీ అన్నాను. ఆ అక్షరాలు పేర్చింది నేను కదమ్మా! ఆ వారం కంపోజిటరు రాలేదు. నూలు ఎక్కడికి పోతోందో నాకూ తెలుసు, మా పుట్టింటి వాళ్ళ మగ్గమే ఖాళీగా ఉంది."

ఆఖరికి ఫిర్యాదు చేసినాయన వాయిదాలకి రావడం మానేశాడు. కేసు కొట్టేశారు. గెలిచారా అంటే గెలిచినట్టు కాదు, ఓడినట్టూ కాదు. వకీలు ఫీజులకి అత్తయ్య గాజులు, నల్లపూసల గొలుసు పోయాయి. ఆ గొలుసు సంగతే మా ఆయన చిన్నప్పటి నుంచీ "నాన్న పత్రిక కోసం అమ్మ బంగారం తాకట్టు పెట్టాడు" అని చెప్పేది. ఆయనకి ఎవరూ అసలు కథ చెప్పలేదు. మామయ్యగారు తన గురించి చెప్పుకునే మనిషి కాదు. అత్తయ్యని ఎవరూ అడగలేదు.

మామయ్యగారిని పూర్తిగా వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. పెళ్ళాం పొలంతో మొదలుపెట్టి, పెళ్ళాం బంగారంతో నిలబెట్టిన పత్రికలో ఆవిడకి జీతం అంటూ ఒక్క రూపాయి లేదు. పిల్లల ఫీజుల కంటే కాగితం రీములు ముందుండేవి. అది తప్పే. కానీ ఆ పెట్టెల్లో ఆయన రాసుకున్న నోటుపుస్తకాలు చదివాక, ఆయన ఎవరిని చూసి ఈ దారి పట్టారో అర్థమయింది. బందరులో కృష్ణాపత్రికని దాదాపు నలభై ఏళ్ళు నడిపిన ముట్నూరి కృష్ణారావుగారి మీద, హైదరాబాదులో 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారి మీద పేజీలకు పేజీలు రాసుకున్నారు. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే, ప్రతాపరెడ్డిగారు వాదన పెట్టుకోకుండా 354 మంది కవుల పద్యాలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. ఆ సంఖ్య కింద మామయ్యగారు ఎర్ర సిరాతో రెండు గీతలు గీశారు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి గురించి రాసిన పేజీ చూసి మాత్రం నాకు నవ్వొచ్చింది. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. దాని వెనకున్న డబ్బు పంతులుగారు 1893లో మొదలుపెట్టిన అమృతాంజనానిది. గృహలక్ష్మి పత్రిక పెట్టిన కె.ఎన్. కేసరిగారికి లోధ్ర మందు ఉండేది. ఆ పేజీ కింద మామయ్యగారు, "వారికి మందులు ఉన్నవి. మనకేమి ఉన్నది?" అని రాసుకున్నారు. పక్కనే అమృతాంజనం మోకాళ్ళకి రాసుకుంటున్న అత్తయ్యకి చదివి వినిపించాను. "నేనున్నానుగా" అన్నారు తేలిగ్గా, సీసా మూత పెడుతూ.

ఆ రాత్రి సమన్లు తెచ్చి మా ఆయన ముందు పెట్టాను. ఏమీ చెప్పలేదు. ఆయన చదివారు. తారీఖు చూసుకున్నారు. చాలాసేపటికి "వేపచెట్టు గుర్తుంది నాకు. ఎక్కడిదో తెలిసేది కాదు. అక్కడ అమ్మ నాకు బెల్లం మరమరాలు పెట్టేది" అన్నారు. లేచి వాళ్ళమ్మ గదిలోకి వెళ్ళారు. లోపల ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, అడగలేదు కూడా. కోపమంతా ఒక్క రాత్రిలో పోయిందని చెప్పను. ఫీజు కట్టలేక బయట నిలబడిన పిల్లాడు ఇంకా ఆయనలో ఉన్నాడు. కానీ మర్నాడు పొద్దున్న గోనె సంచులు వరండాలోకి దించింది ఆయనే.

తర్వాతి ఆదివారం ముగ్గురం వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్ళాం. 1918లో మొదలైన గ్రంథాలయం అది. పాత పత్రికలకి పెట్టింది పేరు. ఇంత దగ్గర్లో ఉండి నేను ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదంటే సిగ్గేసింది. వందేళ్ళనాటి పత్రికలు బైండు చేసి ఉంటే అత్తయ్య ఒక్కో పుట్టా చేత్తో తడిమి చూశారు. "ఇంతోటి కాగితాలు ఎవరో ఒకరు దాచారన్నమాట" అన్నారు. బయటికి వచ్చాక ఆవిడే నిర్ణయం చెప్పారు. ఒక పూర్తి సెట్టు బైండు చేయించి ఏదైనా గ్రంథాలయానికి ఇవ్వాలి. చందా పుస్తకాలు, సమన్లు, ఒక కంపోజింగ్ స్టిక్కు మన ఇంట్లో ఉంచుకోవాలి. మిగిలిన డబుల్ కాపీలు అమ్మెయ్యాలి. "అన్నీ దాచుకుంటే ఇల్లెక్కడ సరిపోతుందే!"

పేపర్లవాడు వచ్చిన రోజు చూడాలి ఆవిణ్ణి. కాటా కింద చెయ్యి పెట్టి చూసి, కిలోకి రెండు రూపాయలు బేరమాడి, ఆ డబ్బు బైండింగు ఖర్చుకని విడిగా ముడివేశారు.

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి సంచులు ఉంటాయి. పత్రికే కానక్కర్లేదు. మావగారి కొట్టు పద్దులు, నాన్న యూనియన్ కరపత్రాలు, తాతగారి నాటకాల నోటీసులు, ఏవో ఒకటి. నేను నాలుగు తిట్లు తిని నేర్చుకున్నవి చెప్తాను. సెల్లోటేపు అంటించకండి, కొన్నాళ్ళకి జిగురు మరక అక్షరాన్ని తినేస్తుంది. గుండుసూదులు, ఇనప క్లిప్పులు తీసెయ్యండి, తుప్పు కాగితాన్ని కోసేస్తుంది. ప్లాస్టిక్ కవర్లో బిగించకండి, చెమ్మ పడుతుంది. పాత నూలు చీర ఉతికి ఆరబెట్టి అందులో చుట్టి, నిలబెట్టకుండా పడుకోబెట్టి ఉంచండి. సెల్‌ఫోన్లో ఫోటోలు తీసేటప్పుడు సంవత్సరం, సంచిక తేదీ రాసిన చీటీ పక్కన పెట్టి తియ్యండి. లేకపోతే నాలాగా రెండు వందల ఫోటోలు తీసి ఏది ఏ ఏడాదిదో తెలియక మళ్ళీ మొదటికి రావాల్సి వస్తుంది. అన్నిటికంటే ముందు, ఇంట్లో పెద్దావిడని పక్కన కూర్చోబెట్టుకోండి. కాగితాల మీద లేనివి ఆవిడ దగ్గరే ఉంటాయి.

బైండింగు అతను నిన్న ఫోన్ చేశాడు, పుట్టా మీద బంగారు అక్షరాలతో ఏమని వెయ్యాలని. అత్తయ్య "పత్రిక పేరూ, ఆయన పేరూ వేస్తే చాలు" అన్నారు. మా ఆయన మాట్లాడకుండా కాగితం తీసుకుని మూడు వరసలు రాశారు. పత్రిక పేరు. సంపాదకుడు అని నాన్న పేరు. ప్రచురణకర్త అని అమ్మ పేరు.

అత్తయ్య ఆ కాగితం అందుకుని, అలవాటుగా, తలకిందులుగా పట్టుకుని చదివారు. "నా పేరులో వత్తు తప్పు రాశావురా" అన్నారు.